బ్యాండ్ సెట్టుకి స్పేర్ మౌత్‌పీస్‌లు ఎన్ని ఉండాలి, ఏవి ఉండాలి?

ప్రశ్న: సెట్టు నిర్వాహకుడు, కాకినాడ

అందరికీ నమస్కారం. పెళ్లిళ్లకీ, జాతరలకీ, గుడి ఊరేగింపులకీ వాయించే బ్యాండ్ సెట్టు మాది. ఇత్తడి వాయిద్యాలు తొమ్మిది ఉన్నాయి. బీ-ఫ్లాట్ ట్రంపెట్లు నాలుగు, వాటిలో రెండు యమహావి, రెండు మీరట్ తయారీ. యుఫోనియంలు రెండు, ఒకటి మీరట్‌ది, ఇంకోటి పాత బ్రిటిష్‌ది. స్లైడ్ ట్రోంబోన్లు రెండు, ఒకటి చిన్న బోరు (గొట్టం లోపలి వ్యాసం), ఇంకోటి ఎఫ్ అటాచ్‌మెంట్ (అదనపు గొట్టం) ఉన్న పెద్ద బోరు. ఇవి కాక ఒక సూసాఫోన్ (ఒంటి చుట్టూ వేసుకుని మోసే పెద్ద వాయిద్యం).

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు స్పేర్ మౌత్‌పీస్‌ల (పెదవికి ఆనించి ఊదే ముక్కల) సంగతి ఒక కొలిక్కి తేవాలి. ప్రస్తుతం ఉన్నవన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో పడున్నాయి. ఏది దేనికి పడుతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒకటి ట్రంపెట్‌లో పెడితే ఊగుతోంది. ఒకటి ట్రోంబోన్‌లోకి సగం కూడా పోవట్లేదు. రెండింటికి అంచు దగ్గర పూత పోయి ఇత్తడి కనిపిస్తోంది. ఇవి చాలవన్నట్టు ఒక మీరట్ ట్రంపెట్‌లో మౌత్‌పీస్ బిగుసుకుపోయి బయటికి రావట్లేదు.

తెలుసుకోవాల్సినవి ఇవి. మొత్తం ఎన్ని స్పేర్లు కొనాలి? అసలుదాని సైజులోనే కొనాలా, వేరే సైజు ఉంటే మంచిదా? ఒకే స్పేర్ రెండు మూడు వాయిద్యాలకి పనికొస్తుందా? పూత పోయినవాటిని వాడొచ్చా? ఊరేగింపుల్లో వాటిని ఎలా భద్రపరచాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు: ట్రంపెట్ మాస్టారు, విజయవాడ

ముందు సైజు సంగతి తేల్చుకుందామండీ, ఎన్ని కొనాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

స్పేర్ అంటే అసలుదానికి అచ్చంగా కవలలా ఉండాలి. అదే కంపెనీ, అదే నంబరు, వీలైతే అదే పూత. ఊరేగింపు మధ్యలో మౌత్‌పీస్ జారి రోడ్డు మీద పడి అంచుకి నొక్కు పడిందనుకోండి. వాయించేవాడు జేబులోంచి ఇంకోటి తీసి, పెట్టుకుని, తర్వాతి చరణం అందుకోవాలి. పెదవి కొత్తదానికి అలవాటు పడేదాకా పెళ్లివారు ఆగరు.

మౌత్‌పీస్‌లు చేసే బాక్ కంపెనీ నంబర్లలో 7సీ లోపలి వ్యాసం 16.20 మిల్లీమీటర్లు, 5సీది 16.25, 3సీది 16.30. 7సీకి, 3సీకి మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు. అంతేకదా అనిపిస్తుంది గానీ అంచు ఆకారం కూడా మారుతుంది. 7సీ అంచు లోపలి మూల కాస్త పదునుగా తగులుతుంది, 3సీది కొంచెం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. పెదవి కండరం ఆ మూలనే పట్టుకుని పనిచేస్తుంది కాబట్టి తేడా వెంటనే తెలిసిపోతుంది. పై స్వరాల్లో శ్రుతి పైకో కిందికో జారుతుంది, వాయించేవాడు తెలియకుండానే పెదవి మీద ఎక్కువ ఒత్తుతాడు, అరగంటకల్లా పెదవి వాస్తుంది.

నంబర్లు చదవడంలో చాలామంది ఒకచోట దెబ్బతింటారు. విన్సెంట్ బాక్ 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీస్‌లు చేయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ వ్యాసం తగ్గుతుంది. అక్షరాల్లో ఏ అంటే లోతైన కప్పు (పెదవి ఆనే గిన్నె భాగం), సీ మధ్యరకం, ఈ అంటే బాగా పైపైన ఉండే కప్పు. యమహాది పూర్తిగా తిరగేసిన లెక్క. అంకె పెరిగితే వ్యాసం పెరుగుతుంది, ఏ అంటే తక్కువ లోతు, ఈ అంటే ఎక్కువ లోతు. మీ యమహా ట్రంపెట్లు విద్యార్థి మోడళ్లయితే వాటితో వచ్చింది 11బీ4 అయి ఉంటుంది. వాడకంలో అది బాక్ 7సీకి దగ్గరగా ఉంటుంది గానీ అచ్చంగా అదే కాదు. రెండు కంపెనీలూ వ్యాసాన్ని అంచు నుంచి ఒకే లోతులో కొలవవు కాబట్టి కాగితం మీది అంకెల్ని పోల్చి కొనకండి. 11బీ4కి స్పేర్ 11బీ4 మాత్రమే.

ఇక లెక్క. లీడ్ ట్రంపెట్‌కి (ముందుండి పై స్వరాలు వాయించేవాడికి) సొంతంగా ఒక కవల, అది ఆయన దగ్గరే ఉండాలి. మిగతా ముగ్గురినీ నెమ్మదిగా ఒకే మోడల్‌కి మార్చగలిగితే ముగ్గురికీ కలిపి రెండు స్పేర్లు సరిపోతాయి. ముగ్గురివీ మూడు రకాలుగా ఉంటే మూడూ కొనాల్సిందే. యుఫోనియంలకి చెరొకటి, ట్రోంబోన్లకి చెరొకటి. షాంకులు (మౌత్‌పీస్‌కి వాయిద్యంలోకి దూరే కింది కాడలు) వేరు కాబట్టి అక్కడ పొదుపు కుదరదు. సూసాఫోన్‌కి ఒకటి, బాక్ 24ఏడబ్ల్యూ రకం అన్నిచోట్లా దొరుకుతుంది. మొత్తం ఎనిమిది.

సూసాఫోన్‌లో మౌత్‌పీస్ కంటే ముందు పోయేవి బిట్లు. మౌత్‌పీస్‌కీ మెడ గొట్టానికీ మధ్య తిప్పి అమర్చే ఆ రెండు చిన్న వంపు ముక్కలు పోతే ఎంత మంచి మౌత్‌పీస్ ఉన్నా లాభం లేదు. వాయిద్యం బండి ఎక్కించేటప్పుడు రాలిపోయేవి అవే. ఒక జత బిట్లు అదనంగా పెట్టుకోండి, అవి మీ సూసాఫోన్ మెడకి పడతాయో లేదో కొనేటప్పుడే చూడండి.

కొన్న స్పేర్‌ని డబ్బాలో పెట్టి మరిచిపోతే అక్కరకి రాదు. వారానికొక సాధన పూర్తిగా స్పేర్ మీదే చేయించండి. అప్పుడు పెదవికి రెండూ ఒకటే అవుతాయి, స్పేర్‌కి ఏదైనా తేడా వచ్చినా ముందే బయటపడుతుంది. సన్నాయి విద్వాంసులు అదనపు పీకల్ని దారానికి కట్టి వాయిద్యానికే వేలాడదీసుకుంటారు కదా, అలవాటంటే అలా ఉండాలి.

జవాబు: రిపేరు పని, సికింద్రాబాద్

మాస్టారు చెప్పిన సైజు సంగతి నిజం. అయితే మీ డబ్బాలో ఉన్న ఇబ్బంది కప్పుది కాదు, షాంకుది. మన సెట్లలో స్పేర్లు పనికిరాకుండా పోయేది ఎక్కువగా ఇక్కడే.

మౌత్‌పీస్ కింది కాడ సూటిగా ఉండదు, కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ట్రంపెట్‌కైతే ప్రతి 20 మిల్లీమీటర్ల పొడవుకి సుమారు 1 మిల్లీమీటరు వ్యాసం తగ్గుతుంది. రిసీవర్ (వాయిద్యంలో కాడ దూరే గొట్టం మూతి) లోపల కూడా అదే వాలు ఉండాలి. రెండు వాలులూ కలిస్తే కాడ పొడవునా అంటుకుని కూర్చుంటుంది. కలవకపోతే ఏదో ఒక చివర మాత్రమే ఆనుతుంది, రెండో చివర ఊగుతుంది. మీ ట్రంపెట్‌లో ఊగుతున్నది ఆ రకమే అయి ఉండాలి. మీరట్ మౌత్‌పీస్‌లు లేత్ మీద తిప్పినవి, ఒక్కో విడతలో వాలు ఒక్కోలా వస్తుంది. అలాగని అన్నీ పారేయక్కర్లేదు, ఒక్కొక్కటీ పరీక్షించి తీసుకోవాలి.

పరీక్ష ఇలా చేయండి. కాడని, రిసీవర్‌ని శుభ్రంగా తుడవండి. కాడ మీద పొడవునా పెన్సిల్‌తో నాలుగు గీతలు గీయండి, నాలుగు వైపులా. రిసీవర్‌లో మెల్లిగా పెట్టి, ఒత్తకుండా పావు చుట్టు తిప్పి తీయండి. గీతలు పొడవునా ఒకేలా చెరిగితే వాలు సరిపోయినట్టు. పైన మాత్రమే చెరిగితే కొస గాలిలో ఉన్నట్టు. కొస దగ్గరే చెరిగితే మూతి దగ్గర ఖాళీ ఉన్నట్టు. ఆ తర్వాత మౌత్‌పీస్‌ని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. పిసరంత కదిలినా ఆ జోడీ వద్దు.

ఎంత లోపలికి పోతోందన్నది కూడా చూడాలి. ట్రంపెట్‌లో కాడ రెండు సెంటీమీటర్లకి పైగా లోపలికి పోవాలి. అయినా పూర్తిగా అడుక్కి తగలకూడదు. కాడ కొసకీ లీడ్ పైప్ (రిసీవర్ తర్వాత మొదలయ్యే గొట్టం) మొదలుకీ మధ్య చిన్న ఖాళీ మిగలాలి, చాలా ట్రంపెట్లలో అది 3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఇంకో వాయిద్యం) మౌత్‌పీస్ కాడ సన్నగా, పొట్టిగా ఉంటుంది. దాన్ని ట్రంపెట్‌లో పెడితే అతిగా లోపలికి పోయి లీడ్ పైప్‌కే తగులుతుంది, వాయిస్తే స్వరాలు ఒకచోట నిలవవు. బిస్కెట్ డబ్బాలో అలాంటిది ఉంటే వేరుగా తీసి పెట్టండి.

ట్రోంబోన్, యుఫోనియంలకి మూడు రకాల షాంకులున్నాయి. కొస దగ్గర వ్యాసం చిన్నదానికి సుమారు 11 మిల్లీమీటర్లు, మధ్యరకానికి సుమారు 12, పెద్దదానికి సుమారు 12.7. చిన్న బోరు ట్రోంబోన్‌కి చిన్న షాంకు. ఎఫ్ అటాచ్‌మెంట్ ఉన్న పెద్ద బోరుకి మామూలుగా పెద్ద షాంకు. యుఫోనియంలలో యమహా విద్యార్థి మోడళ్లకి చిన్నది, వాటితో 48 నంబరు వస్తుంది. పాత బ్రిటిష్ యుఫోనియంలకి మధ్యరకం, దొరకడం కష్టమైనది అదే. మీ బ్రిటిష్ యుఫోనియంకి అసలు మౌత్‌పీస్ ఇంకా ఉంటే దాన్ని ప్రాణంలా చూసుకోండి. స్పేర్ కొనేటప్పుడు అసలుదాని కాడ కొసని వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొలిచి ఆ అంకె చెప్పి అడగండి. బాక్ 6½ఏఎల్ లాంటివి చిన్న షాంకులోనూ పెద్ద షాంకులోనూ దొరుకుతాయి. నంబరు ఒక్కటే చెబితే షాపువాడి దగ్గర ఏది ఉంటే అది వచ్చేస్తుంది. మీ ట్రోంబోన్‌లో సగమే పోతున్నది పెద్ద షాంకుది, చిన్న బోరులో పెట్టి చూశారు. పెద్ద బోరులో పెట్టి చూడండి, సరిపోవచ్చు.

ఒకే స్పేర్ రెండింటికీ వస్తుందా అని అడిగారు. చిన్న షాంకు ట్రోంబోన్‌కీ చిన్న షాంకు యుఫోనియంకీ ఒకటే పడుతుంది. ట్రంపెట్‌కీ యుఫోనియంకీ మాత్రం ఏ రకంగానూ పడదు.

బిగుసుకున్నదాని సంగతి. ప్లయర్, పైప్ రెంచి దగ్గరికి రానివ్వకండి. మౌత్‌పీస్‌ని మెలితిప్పితే ఆ బలమంతా లీడ్ పైప్ మీదా, దాన్ని పట్టుకున్న టంకం అతుకుల మీదా పడుతుంది. పైప్ మెలికపడి చీలుతుంది, లేదా గొట్టాల్ని కలిపి పట్టే బ్రేస్ ఊడుతుంది. మంట కూడా వద్దు, మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. దీనికంటూ మౌత్‌పీస్ పుల్లర్ అనే పనిముట్టు ఉంది. రెండు దవడలు ఒకటి మౌత్‌పీస్ భుజాన్నీ, ఒకటి రిసీవర్ అంచునీ పట్టుకుంటాయి. రెండు వైపుల స్క్రూలనీ సగం చుట్టు ఇటు, సగం చుట్టు అటు సమానంగా బిగించుకుంటూ పోవాలి. టక్‌మని శబ్దం వచ్చి ఊడుతుంది. ఒక్క వైపే బిగిస్తే పక్కకి లాగి రిసీవర్ వంగుతుంది. మీ సెట్టు పెద్దది, ఒక పుల్లర్ కొనుక్కుంటే దాని డబ్బు దండగ కాదు.

పుల్లర్ దొరికేదాకా ప్రయత్నించాలంటే ఇలా చేయండి. రిసీవర్ అతుకు దగ్గర రెండు చుక్కలు సన్న నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కప్పులో ఐసు ముక్క పెట్టి, రిసీవర్ చుట్టూ వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టండి. చెక్క సుత్తితో రిసీవర్ చుట్టూ మెల్లిగా తడుతూ, చేత్తోనే తిప్పి లాగండి. రాకపోతే ఆపేసి రిపేరుకి పంపండి.

అసలు బిగుసుకోవడానికి కారణాలు మూడే. మౌత్‌పీస్ పెట్టి దాని మీద అరచేత్తో పాప్‌మని కొట్టడం, మౌత్‌పీస్ పెట్టి ఉన్న వాయిద్యాన్ని కింద పడేయడం, ఉమ్మి ఎండి చిలుము పట్టినా నెలల తరబడి తీయకపోవడం. పెట్టేటప్పుడు కొద్దిగా తిప్పుతూ పెట్టాలి, తీసేటప్పుడు కొద్దిగా తిప్పుతూ తీయాలి. వాయించడం అయిపోగానే తీసేయాలి.

అడిగినవారు: కాకినాడ

ఇద్దరికీ చాలా థాంక్సండీ. రెండు చిన్న అనుమానాలు. ఊగుతున్న మౌత్‌పీస్‌కి కాగితం చుట్టి పెడుతున్నారు మా వాళ్లు, అది సరైన పద్ధతేనా? కింద పడ్డప్పుడు కాడ కొస నొక్కుకుపోయినవి రెండున్నాయి, వాటిని బాగు చేయొచ్చా?

జవాబు: రిపేరు పని, సికింద్రాబాద్

కాగితం ఆ పూట గడవడానికి పనికొస్తుంది, అంతకంటే వద్దు. వాలు 20కి 1 కాబట్టి లెక్క తేలిక. మామూలు ప్రింటర్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. ఒక చుట్టు చుడితే రెండు వైపులా కలిపి వ్యాసం 0.2 పెరుగుతుంది, దాంతో మౌత్‌పీస్ 4 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. బీ-ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం పొడవు మొత్తం 1.48 మీటర్లు. 4 మిల్లీమీటర్లు పెరిగితే శ్రుతి సుమారు 5 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగుతుంది. దాన్ని ట్యూనింగ్ స్లైడ్‌తో (శ్రుతి సర్దడానికి జరిపే గొట్టం) సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది లోపల మిగలాల్సిన ఖాళీ, అది ఇష్టమొచ్చినట్టు పెరిగిపోతుంది. అందుకే చుట్టాల్సివస్తే సిగరెట్ కాగితం లాంటి పల్చటిది ఒకే ఒక్క చుట్టు, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టండి. టేపు వాడకండి, ఎండకి దాని జిగురు కరిగి రిసీవర్ లోపల అంటుకుంటుంది. తడిసిన కాగితాన్ని కూడా లోపల వదిలేయకండి, అది ఎండి గట్టిపడితే మళ్లీ బిగుసుకునే బాధే.

కొస నొక్కుడు మాత్రం చాలావరకు బాగవుతుంది. దానికి వాలు ఉన్న ఉక్కు కడ్డీ ఉంటుంది, మౌత్‌పీస్ ట్రూయింగ్ టూల్ అంటారు. కడ్డీని కాడ కొసలోకి దూర్చి, చిన్న సుత్తితో రెండు మూడు దెబ్బలు మెల్లిగా వేస్తే నొక్కు గుండ్రంగా విప్పుకుంటుంది. కడ్డీ లోపల ఉండగానే బయటివైపు చెక్క సుత్తితో తట్టి చదును చేయాలి. మేకు, స్క్రూడ్రైవర్ లాంటివి దూరిస్తే కొస విచ్చుకుని చీలుతుంది. చీలిక కనిపిస్తే ఆ మౌత్‌పీస్‌ని పక్కన పడేయండి. కొస లోపలి రంధ్రం వంకరైతే గాలి సుడి తిరుగుతుంది, పై స్వరాలు పలకడానికి మొరాయిస్తాయి. కంటికి కనపడని చిన్న నొక్కు కూడా ఈ పని చేస్తుంది కాబట్టి స్పేర్ కొనేముందు కొసని వెలుతురికి ఎదురుగా పెట్టి గుండ్రంగా ఉందో లేదో చూసుకోండి.

జవాబు: యుఫోనియం, హైదరాబాద్

శుభ్రత గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, ఉమ్మడి స్పేర్లున్న సెట్టుకి నా దృష్టిలో మొదట చూడాల్సింది అదే. ముగ్గురికి రెండు స్పేర్లు అంటే ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లోకి పోతుందన్నమాట. జలుబు, ఫ్లూ, పెదవి మీద నీటి పొక్కులు తెప్పించే హెర్పిస్, అన్నీ అలాగే అంటుకుంటాయి. పెదవి మీద పొక్కు ఉన్నవాడి మౌత్‌పీస్‌ని ఆ వారం ఎవరూ తాకకూడదు.

వాడిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మౌత్‌పీస్ బ్రష్. బ్రష్‌ని కప్పు వైపు నుంచి ఒకసారి, కాడ వైపు నుంచి ఒకసారి దూర్చి తిప్పాలి. ఊరేగింపులో చేతులు మారాల్సివస్తే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపలా బయటా తడిపి, ఒక నిమిషం ఆగి, ఆరనిచ్చి ఇవ్వండి. మంచినీళ్లతో కడిగినంత మాత్రాన చాలదు. తాంబూలం, గుట్కా నమిలి అలాగే ఊదితే చెత్తంతా కప్పు అడుగున ఉన్న సన్న రంధ్రంలో పేరుకుంటుంది. బాక్ ట్రంపెట్ మౌత్‌పీస్‌లో ఆ రంధ్రం 3.66 మిల్లీమీటర్లు, అక్కడ అర మిల్లీమీటరు మూసుకున్నా వాయిద్యం ఊపిరాడనట్టు పలుకుతుంది. తీగ, మేకు పెట్టి గోకితే గీతలు పడతాయి. సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తోనే తీయాలి.

పూత పోయినవాటి గురించి అడిగారు. పెదవి ఆనే చోట ఇత్తడి బయటపడితే వాడొద్దు. లేత్ మీద తిప్పడానికి వాడే ఇత్తడి రకాల్లో సుమారు 3 శాతం దాకా సీసం కలుపుతారు. పైగా ఉమ్మికి పచ్చటి చిలుము పడుతుంది, పెదవి మంటపుడుతుంది. కాడ మీద పోతే పర్వాలేదు. కొందరికి నికెల్ పూతే పడదు, పెదవి చుట్టూ ఉంగరంలా దురద, ఎరుపు వస్తే అదే కారణం అయి ఉండొచ్చు. వాళ్లకి వెండి పూతది ఇవ్వండి, వెండి కూడా పడకపోతే బంగారు పూత లేదా ప్లాస్టిక్.

పూత తొందరగా పోవడానికి మన ఇళ్లలో ఉన్న అలవాటు ఒక కారణం. ఇత్తడి కదా అని చింతపండు, ఇత్తడి సామాన్లు తోమే పొడి పెట్టి రుద్దుతారు. దేవుడి గదిలో కుందులకి అది బాగుంటుంది, వాటికి పూత ఉండదు. మౌత్‌పీస్ మీది వెండి పూత చాలా పల్చన, పొడితో రుద్దినప్పుడల్లా కొంత పోతుంది. నల్లబడిన వెండి పూతకి అసలు రుద్దాల్సిన పని లేదు. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, మౌత్‌పీస్ ఫాయిల్‌కి తగిలేలా పెట్టి, వేడినీళ్లు పోసి, అర లీటరుకి ఒక పెద్ద చెంచా వంటసోడా వేయండి. కొన్ని నిమిషాల్లో నలుపు ఫాయిల్ మీదికి దిగిపోతుంది. తర్వాత బాగా కడిగి మెత్తటి గుడ్డతో ఒత్తండి.

భద్రపరచడం. బిస్కెట్ డబ్బా ముందు తీసేయండి, ఒకదానికొకటి కొట్టుకుని అంచులకి నొక్కులు పడతాయి. అంచు మీద గోరుకి తగిలేంత నొక్కు ఉంటే అది పెదవిని కోస్తుంది. ఒక్కోదానికి ఒక్కో గది ఉన్న గుడ్డ సంచి దర్జీ చేత కుట్టించండి, లోపల వెల్వెట్ లేదా ఫ్లానెల్. గది బయట ఏ వాయిద్యానిదో, ఏ షాంకో రాసిన పట్టీ కుట్టించండి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేయొద్దు, ట్రంపెట్ పెట్టెలో విడిగా పడేయొద్దు. దారిలో అది దొర్లి బెల్‌కి (ట్రంపెట్ ముందరి విచ్చుకున్న మూతికి) నొక్కులు పెడుతుంది. రబ్బరు బ్యాండు చుట్టకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది.

సైజు విషయంలో మాస్టారితో కొంచెం విభేదిస్తాను. లీడ్ ట్రంపెట్ వాయించేవాళ్లకి మూడు గంటల బరాత్ చివర్లో పెదవి అలసిపోతుంది. అప్పుడు కప్పు లోతు తక్కువున్న ఇంకోటి చేతిలో ఉంటే పై స్వరాలు తేలికవుతాయి. అలాంటిదాన్ని స్పేర్‌గా పెట్టుకుంటే తప్పేముంది?

జవాబు: ట్రంపెట్ మాస్టారు, విజయవాడ

తప్పేమీ లేదండీ, కాకపోతే దాన్ని స్పేర్ లెక్కలో వేయకూడదు. అది ఒక పనికోసం ఉంచుకున్న రెండో మౌత్‌పీస్. పోయినదాని స్థానంలో నిలబడలేదు, ఎందుకంటే దాంతో కింది స్వరాలు పల్చగా వస్తాయి, మిగతా మూడు ట్రంపెట్లతో నాదం కలవదు. పెట్టుకోదలిస్తే అంచు మాత్రం అదే ఉండి కప్పు లోతు మాత్రమే మారినది చూసుకోవాలి. అప్పుడు పెదవికి మార్పు కనీసంగా ఉంటుంది. బాక్‌లో 3సీ వాడేవాడికి 3ఈ అలాంటిది. మార్చగానే శ్రుతి కూడా చూసుకోవాలి, లోతు తగ్గితే శ్రుతి పైకి ఎక్కుతుంది.

ఉమ్మడి స్పేర్ల విషయంలో మీరన్నదానికి ఒప్పుకుంటున్నాను. డబ్బు సరిపోతే ట్రంపెట్లకి నాలుగూ విడివిడిగా కొనడమే మంచిది. అప్పుడు మొత్తం తొమ్మిది అవుతాయి.

జవాబు: టెక్సస్ నుంచి

మా పిల్లలు ఇక్కడ హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో వాయిస్తారు. ఆగస్టు ఎండలో మైదానంలో సాధన కాబట్టి ప్లాస్టిక్ మౌత్‌పీస్‌లు ఇక్కడ మామూలు. మీ మే నెల పగటి ముహూర్తాలకి కూడా పనికొస్తాయి. కెల్లీ అనే అమెరికన్ కంపెనీ లెక్సాన్ అనే పాలీకార్బొనేట్‌తో ట్రంపెట్ నుంచి సూసాఫోన్ దాకా చేస్తుంది. ఎండలో పెట్టినా పెదవి చురుక్కుమనదు, కింద పడినా కాడ కొస నొక్కుకుపోదు, నికెల్ పడనివాళ్లకి ఇబ్బంది ఉండదు, లోహపువాటికంటే చవక.

లోటు కూడా చెప్పాలి. అంచు మీద పెదవి జారడం లోహంతో పోలిస్తే వేరుగా ఉంటుంది, కొందరికి అంటుకున్నట్టు అనిపిస్తుంది. పెద్ద శబ్దంలో నాదం అంచు కొంచెం మొద్దుబారుతుంది. ట్రంపెట్‌లో ఆ తేడా తెలుస్తుంది, సూసాఫోన్‌లో అంతగా తెలియదు. అందుకే సూసాఫోన్‌కి స్పేర్ ప్లాస్టిక్‌ది తీసుకోమంటాను, బరువు తక్కువ, మోయడం తేలిక. లీడ్ ట్రంపెట్‌కి లోహపుదే ఉండనివ్వండి. వీటిని సబ్బునీళ్లతోనే కడగాలి. ఎసిటోన్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు తగిలితే పాలీకార్బొనేట్‌కి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. మరిగే నీళ్లలో కూడా వేయకండి.

అడిగినవారు: కాకినాడ

చివరగా ఒక్కటి. పూత పోయిన రెండూ లీడ్ ట్రంపెట్‌వే, ఆయనకి బాగా అలవాటైనవి. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అప్పుడు మళ్లీ వెండి పూత వేయించాలనుకుంటున్నాం. కాకినాడలో వెండి సామాన్లకి పూత వేసేవాళ్లున్నారు. వాళ్లకి ఇవ్వొచ్చా?

జవాబు: రిపేరు పని, సికింద్రాబాద్

ఇవ్వొచ్చు గానీ షరతులు ముందే చెప్పి ఇవ్వండి. పూత వల్ల మౌత్‌పీస్ కొలతలు మారవు, దానికి ముందు చేసే బఫింగ్ వల్ల మారతాయి. వెండి సామాన్లకి పూత వేసేవాళ్లు మెరుపు కోసం గుడ్డ చక్రం మీద గట్టిగా ఒత్తి తిప్పుతారు. కంచానికైతే ఏమీ కాదు. మౌత్‌పీస్‌కి అలా చేస్తే అంచు లోపలి మూల అరిగి గుండ్రంగా అయిపోతుంది, తిరిగి వచ్చాక ఆయన పెదవికి అది వేరే మౌత్‌పీస్. కాడ మీద బఫ్ చేస్తే వాలు చెడి మళ్లీ ఊగడం మొదలవుతుంది.

అందుకని ఇవ్వకముందు కాడ కొస వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి రాసి పెట్టుకోండి. రిసీవర్‌లో పెట్టి ఎంత లోపలికి పోతోందో కాడ మీద సన్న గీతతో గుర్తించి, గీత నుంచి కొసదాకా పొడవు కూడా రాసుకోండి, పూత వేశాక గీత కనబడదు. అంచునీ కాడనీ చక్రం మీద పెట్టొద్దని, చేత్తో మెత్తటి గుడ్డతోనే మెరుగు పెట్టమని చెప్పండి. పాత నికెల్ పూత ఉంటే దాన్ని రసాయనంతో దించమనాలి, రాయించొద్దు. కప్పు అడుగున రంధ్రంలో పూత ముద్ద కట్టకుండా చూడమనండి. రెండూ ఒకేసారి ఇవ్వకండి. ముందు ఎక్కువ అరిగినదాన్ని ఇచ్చి, వచ్చాక ఆయన చేత రెండు మూడు రోజులు వాయించి చూసి, సరిపోయిందంటేనే రెండోది పంపండి.